ఎడ్డెమంటే తెడ్డెం

పదకొండేళ్లుగా నా పని
బండ్లను తిన్నగా నడిపించడం.
ఆటోనగర్లో, గ్రీజు ఇంకిన గుంతలో నిలబడి
నెత్తిమీద లారీ, చేతిలో కొలబద్ద.
"ఎడమకి లాగేస్తోంది బాబాయ్" అంటారు డ్రైవర్లు,
తోడికోడలి మీద చాడీ చెప్పినట్టు.

రాత్రి పదకొండు దాటాక మాత్రం
మా చిన్నదాని చదువుకని కొన్న కంప్యూటర్లో
కారుని అడ్డంగా నడపడం నేర్చుకుంటున్నాను.

మొదటి స్టీరింగు
గుణదలలో ఒక ఇంజనీరింగ్ కుర్రాడు
పన్నెండొందలకి వదిలించుకున్నది.
విప్పి చూస్తే లోపల రబ్బరు తాడు, అంతే.
టైరు పట్టు వదిలినా, కారు గోడెక్కినా
మధ్యకే లాగుతుంది.
ఏమడిగినా "అంతా బానే ఉంది" అనే చుట్టం లాంటిది.
దాన్ని నమ్మి నాలుగు నెలలు
గానుగెద్దులా గిరగిరా తిరిగాను.

బ్రేకు తొక్కితే కుర్చీ వెనక్కి పోయేది,
మంచం కోడు తగిలేదాకా.
దాని చక్రాలకి ఇటుకలు అడ్డం పెడితే
హైమ నిద్రలోంచి లేచి చూసి
"లారీలకి పెట్టే రాళ్లు ఇంటికీ తెచ్చావా" అని
అటు తిరిగి పడుకుంది.

రెండోది పళ్లచక్రాలది.
కటకటకట, పాత కుట్టుమిషను గొంతు.
కింద వాటాలో నాంచారమ్మగారు
చీపురుకర్రతో కప్పు పొడిచేవారు.
అయినా అది నాతో మాట్లాడింది.
వెనక టైరు జారబోయే ముందు
చేతుల్లో ఒక తేలికదనం,
చీకట్లో ఇంకో మెట్టుందనుకుని
కాలు వేసినట్టు.
ఆ అరక్షణంలో
కారు ఎడ్డెమంటే నేను తెడ్డెమనాలి.
ముక్కు ఎడమకి తిరిగిపోతుంటే
స్టీరింగు కుడికి.
తెలుసు.
తెలిసిన సంగతి బుర్రలోంచి మణికట్టుకి చేరేలోపు
మధ్యలో బెంజి సర్కిల్ ఉన్నట్టుంది.

పాత వ్యాను లీవరు, గేటు స్ప్రింగు,
లేతు మీద బాజీ తిప్పిచ్చిన బుష్షు,
వీటితో హ్యాండ్‌బ్రేకు నేనే చేసుకున్నాను.
దాన్ని లాగి, కారు నిజంగా పక్కకి ఒరిగి,
అంతా కుదిరిన ఆ ఒక్క రాత్రీ
కరెంటు పోయింది.
రోహిణికార్తె. చీకట్లో చెమటతో
ఆ మలుపుని తలుచుకుంటూ కూర్చున్నాను.

మూడోది నాది కాదు.
పటమటలో జిలానీ దుకాణంలో ఉంది, గంటకి రెండొందలు.
తాడు లేదు, పళ్లు లేవు,
మోటారు మెడకే నేరుగా బిగించిన స్టీరింగు.
మొదటిరోజే బొటనవేలు బెణికింది.
బిగించి పట్టుకున్నాను మరి,
లోడు లారీని పట్టుకున్నట్టు.

జిలానీ అన్నకూతురు ఫర్హీన్, పదిహేడేళ్లుంటాయేమో,
వెనక నిలబడి చేగోడీలు నములుతూ
"వదిలెయ్యండి అంకుల్" అంది.
"దేన్ని?"
"స్టీరింగుని. అదే తిరుగుతుంది.
ఎక్కడ ఆపాలో అక్కడ పట్టుకోండి, చాలు."

వదిలాను.
వేళ్ల కింద గాలిలా తిరిగి
జారుతున్న దిక్కుని అదే వెతుక్కుంది.
ఇబ్రహీంపట్నం రేవులో
వరదకి ఏరు దాటే పడవలాగ
ముక్కు ఒకవైపు, పోయేది ఒకవైపు.
పట్టుకున్నాను.
ఎదుటి అద్దంలో కాదు,
పక్క కిటికీలో కనిపించింది రోడ్డు.
మూడు సెకన్లు. నాలుగేమో.
తరవాత గోడ.

అప్పుడు గుర్తుపట్టాను దాన్ని.
క్యాస్టర్!
షిమ్ములు పెట్టి, డిగ్రీ, అరడిగ్రీ,
ఇన్నేళ్లు ముందు యాక్సిలుకి నేను ఇస్తున్న వాలు.
రేటు చెప్పేవాణ్ణి, బిల్లు రాసేవాణ్ణి.
దాని బుద్ధి ఇదని
నా చేతులకెవరూ చెప్పలేదు.

ఈ ఉదయం పేట నుంచి పత్తి లారీ వచ్చింది.
పని అయ్యాక, ఖాళీ రోడ్డు మీద,
పిచ్చేశ్వరరావు పక్కన కూర్చున్నాను.
"తిన్నగా పోతుందా?"
"ఒక్క క్షణం చెయ్యి వదిలి చూడు."
ముప్పయ్యేళ్ల డ్రైవరు.
నా వంక చూశాడు, రోడ్డు వంక చూశాడు,
ఇంకాస్త బిగించి పట్టుకున్నాడు.

నేను బలవంతం చెయ్యలేదు.
నా బొటనవేలు ఇంకా
అమృతాంజనం వాసనేస్తోంది.